బండి చవక, దాని పార్టులు కావు

కొత్తగా ఉన్నప్పుడు పది పన్నెండు లక్షలు పలికిన స్కార్పియో, పన్నెండేళ్లు తిరిగాక మూడు నాలుగు లక్షలకు దిగుతుంది. దాని క్లచ్ ప్లేటుకు మాత్రం ఆ సంగతి తెలియదు. షోరూంలోంచి నిన్న దిగిన బండికి పార్టు ఎంతో, ఈ పాతదానికీ ఇంచుమించు అంతే. టైర్లూ అంతే, షాకబ్జార్బర్లూ అంతే, టర్బో అసలే అంతే. మనం బేరమాడేది మూడు లక్షల బండికి. పోషించాల్సింది పన్నెండు లక్షల బండిని. పాత పెద్ద బండి కొని చేతులు కాల్చుకున్నవాళ్లలో ఎక్కువమంది ఇంజను గురించి తెలియక కాల్చుకోలేదు, ఈ లెక్క ముందే వేసుకోక కాల్చుకున్నారు. అందుకే వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ఈ అధ్యాయానికి చోటిచ్చాను. డబ్బు విషయంలో మన స్వభావం ఎట్లాంటిదో ఒక పాత సఫారీ చూపించినంత తొందరగా ఇంకేదీ చూపించదు.

నల్గొండ జిల్లా నకిరేకల్ చుట్టుపక్కల పెద్ద బండి మీద మోజుకు కారణాలు లేకపోలేదు. ఊరు హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. 365వ నంబరు రహదారి ఇక్కడే మొదలై ఫణిగిరి, తుంగతుర్తి మీదుగా మహబూబాబాద్ దిక్కుకు పోతుంది. తారు రోడ్డు దిగితే బత్తాయి తోటకు మట్టిబాట. నిమ్మ మార్కెట్‌కు బస్తాలు వెయ్యాలి. అమావాస్యకు చెర్వుగట్టు గుడికి ఎక్కాలి. రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతరకు ఇంటిల్లిపాదీ ఒకే బండిలో పోవాలి. వీటికి చిన్న కారు చాలదు. ఇక రెండో కారణం అందరికీ తెలిసిందే: తెల్ల స్కార్పియో దిగినవాడికి పెండ్లిలో కుర్చీ ముందు పడుతుంది. మర్యాద కోసం బండి కొనడం తప్పని నేను అనను. మర్యాదకూ ఒక నెల ఖర్చుంటుంది, అది కాగితం మీద రాసుకోండి అంటాను, అంతే.

కొనేటప్పుడు

నంబరు ప్లేటు దగ్గరే సగం కథ తెలుస్తుంది. ‘ఏపీ 24’ అని ఉంటే అది నల్గొండ జిల్లా బండి, 2014 జూన్‌లో రాష్ట్రం రాకముందు రిజిస్టరైంది. అంటే ఎంత లేదన్నా పదేళ్లు దాటింది. ‘టీఎస్ 05’ అయితే ఆ తర్వాతది. సొంత వాడకం బండికి ఆర్సీ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఈ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేసింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000కు పెంచింది. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. కాబట్టి 2011 బండిని ‘చవగ్గా’ కొనేటప్పుడు ఆర్సీ గడువు ఏ నెలదో చూడాలి. గడువుకు రెండు నెలల ముందు అమ్మకానికి పెట్టే ఓనర్లు ఊరికే పెట్టరు.

ఢిల్లీ బండి సంగతి వేరే చెప్పాలి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. అప్పటినుంచి అక్కడి ఫార్చ్యూనర్లు, ఎండీవర్లు తక్కువ ధరకు దక్షిణానికి దిగుతూ వచ్చాయి. బండి బాగానే ఉండొచ్చు. కానీ అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫైనాన్స్ క్లియరెన్స్, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, నంబరు మార్పు, ఇవన్నీ కలిపితే బ్రోకర్ చెప్పిన ‘లక్ష లాభం’లో మిగిలేది ఎంతో ముందే కూడి చూడండి. ఎన్‌ఓసీ చేతిలో లేని బండికి అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

ఇంకో మాట. కంపెనీ దేశంలో ఉందా అని చూడాలి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. షెవర్లే 2017తోనే అమ్మకాలు ఆపింది. ఎండీవర్ మంచి బండే, నాకూ ఇష్టమే. కానీ రాత్రి తొమ్మిదింటికి సూర్యాపేటలో పార్టు దొరికేది స్కార్పియోకు, బొలేరోకు. పల్లెల్లో తిరిగేవాడికి ఇది షోకు కన్నా పెద్ద గుణం. అలాగే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగితే అది మూసుకుపోయి ఖర్చు పెట్టిస్తుంది. పాత బీఎస్3, చాలావరకు బీఎస్4 బండ్లకు ఆ బాధ లేదు. పాతదానికి ఉన్న కొద్దిపాటి లాభాల్లో ఇదొకటి.

బండిని పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడండి. మీరు పోయేసరికే బానెట్ వేడిగా ఉంటే, ఎవరో ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. ఇంకో రోజు రండి. సెల్ఫ్ ఎంతసేపు తిరుగుతుందో వినండి. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగ్గా కాలడం లేదు, లేదా కూలెంట్ లోపలికి పోతోంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్ల పొగ కొడితే టర్బో పైపు, ఈజీఆర్, నాజిళ్లు, ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి చూడండి. పొగ ఊపిరిలా కొట్టుకుంటూ బయటికొస్తే ఇంజను బోరుకు దగ్గరపడ్డట్టే. మీటరును నమ్మొద్దు. నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత రికార్డు అడగండి, పెడల్ రబ్బర్లు ఎంత అరిగాయో చూడండి. తర్వాత బైపాస్ మీద ఎనభైలో తోలి కట్టంగూర్ దాకా పోయి రండి. వెనకనుంచి ‘ఊఁ’ అని మూలుగు వినపడితే హౌసింగ్‌లో క్రౌన్ పినియన్, లేదంటే చక్రం బేరింగు. గేరు మార్చినప్పుడు కింద ‘టక్’ మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు. ఒక మెకానిక్‌కు వెయ్యి, పదిహేను వందలు ఇచ్చి వెంట తీసుకుపోయి స్కానర్ పెట్టించండి. ఆ మెకానిక్ అమ్మేవాడికి తెలిసినవాడు కాకుండా చూసుకోండి.

నీళ్లు

ఈ బండ్ల రిపేర్లలో అన్నిటికన్నా పెద్ద బిల్లు చాలాసార్లు అన్నిటికన్నా చిన్న నిర్లక్ష్యంతో మొదలవుతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పొయ్యడం ఆ నిర్లక్ష్యం. ఫ్లోరైడ్ పుణ్యమా అని నల్గొండ నీళ్ల గురించి దేశమంతా విన్నది. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు పెట్టింది. రేడియేటర్‌కు గిట్టనిది మాత్రం ఆ నీళ్లలోని కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టేది అదే. రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ, ఇంజన్ హెడ్ లోపలి దారుల్లోనూ అదే పెచ్చు కడుతుంది. వేడి బయటికి పోయే తోవ మూసుకుపోతుంది. చలికాలంలో ఏమీ తెలియదు. మే నెలలో ఏడుగురు ఎక్కి, ఏసీ పెట్టుకుని, ఎదురుగాలిలో నూరు మీద పోతున్నప్పుడు సూది పైకి లేస్తుంది.

అప్పుడు మనవాళ్లు చేసే పని, ‘ఇంకో పది కిలోమీటర్లే కదా’ అని తోలడం. ఆ పది కిలోమీటర్ల ధర వినండి. హెడ్ గాస్కెట్ పోతే హెడ్ దింపి, ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్ వేసి బిగించడానికి బయటి గ్యారేజీలో పాతిక వేల నుంచి నలభై ఐదు వేల దాకా అవుతుంది. హెడ్ పగిలితే దానికి రెండింతలు. పిస్టన్ పట్టేస్తే పూర్తి ఇంజన్ పని, ఎనభై వేల నుంచి లక్షన్నర. ఫార్చ్యూనర్‌కు ఇంకా పైన. దీనికి విరుగుడు రెండు మూడేళ్లకోసారి పాత కూలెంట్ మొత్తం వంపేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కంపెనీ చెప్పిన కూలెంట్ నింపడం. మూడు వేలల్లో పని అయిపోతుంది. అదే రోజు పైపులు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత రబ్బరు చూపించండి. రెండు మూడు వందల మూత చెడిపోయి ఇంజను పోయిన బండ్లు గ్యారేజీల్లో ఎప్పుడూ ఒకటి రెండు ఉంటాయి.

దారిలో సూది లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, పక్కకు తీసి, ఎర్ర గీత దాటక ముందే ఇంజను ఆపెయ్యండి. మూత విప్పొద్దు, ముఖం కాలుతుంది. కాగిన ఇంజను మీద చల్లటి నీళ్లు పొయ్యొద్దు. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చెయ్యండి, టోల్ కట్టేవాళ్లకు ఆ సాయం అడిగే హక్కుంది. కొర్లపహాడ్ టోల్ దాకా ఎట్లాగో ఈడ్చుకుపోదామని మాత్రం చూడొద్దు.

మిగతా ఖర్చులు

కింది అంకెలన్నీ బయటి గ్యారేజీ లెక్కలు, సుమారుగా. షోరూంలో ఇంకా ఎక్కువ పడుతుంది.

డీజిల్ దారిది పెద్ద పద్దు. నాజిల్ ఒక్కటి రిపేర్ చేయిస్తే నాలుగు నుంచి ఎనిమిది వేలు, కొత్తదైతే పదిహేను వేల పైనే. నాలుగూ ఒకేసారి అడగడం వాటికి అలవాటు. నీళ్లు కలిసిన డీజిల్, సమయానికి మార్చని ఫిల్టరు, ఈ రెండే ఎక్కువగా వాటి ప్రాణం తీస్తాయి. వెయ్యి, పదిహేను వందల ఫిల్టరు దగ్గర పిసినారితనం చేసి అరవై వేలు కట్టేవాళ్లున్నారు. డబ్బాల్లో అమ్మే డీజిల్ జోలికి పోవద్దు. టర్బో రిపేరుకు పది నుంచి ఇరవై వేలు, కొత్తది ముప్పై నలభై వేలు. దూరం నుంచి వచ్చి బండి ఆపగానే ఇంజను కట్టెయ్యకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో ఎక్కువకాలం బతుకుతుంది. ఇది పైసా ఖర్చులేని అలవాటు. డ్రైవరుకు నేర్పించడమే కష్టం.

2009లో మన దేశంలోకి వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ 3.0 డీజిల్ గురించి రెండు ముక్కలు. దానికి టైమింగ్ బెల్టు ఉంటుంది, మార్చే సమయం వస్తే మీటరులో లైటు వెలుగుతుంది. ఆ లైటును రీసెట్ చేసి అమ్మేవాళ్లు లేకపోలేదు. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. కొన్న వారంలోనే బెల్టు మార్పించండి, పాత రసీదు ఉంటే తప్ప. రెండోది, నాజిళ్ల కింద ఉండే రాగి వాషర్లు లీకైతే మసి ఇంజన్ ఆయిల్‌లో కలిసి, కింద ఆయిల్ పీల్చే జల్లెడ మూసుకుపోతుంది. ఆయిల్ అందక ఇంజను పోతుంది. వాషర్ల ఖర్చు చిన్నది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ‘చుఫ్ చుఫ్’ మనే శబ్దం వస్తే ఆలస్యం చెయ్యొద్దు.

క్లచ్ సెట్ కూలితో కలిపి పన్నెండు నుంచి ఇరవై వేలు. పత్తి చేలల్లో బురదలో ఇరుక్కున్నప్పుడు అరగంట రేజ్ చేస్తే అది అక్కడికక్కడే పోతుంది. ముందు సస్పెన్షన్, అంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, లింకులు, షాకబ్జార్బర్లు, అన్నీ చేయిస్తే ఇరవై నుంచి ముప్పై ఐదు వేలు. స్పీడ్ బ్రేకర్ల మీద ‘గడగడ’ చప్పుడుకు అలవాటుపడి ఏళ్ల తరబడి తిరిగేవాళ్లను చూస్తే నాకు భయం. బాల్ జాయింట్ ఊడితే చక్రం వాలిపోతుంది, రెండు టన్నుల బండి మన చేతిలో ఉండదు. టైరు ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు వేలు. ఏసీ కూలింగ్ కాయిల్ లీకైతే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, అందుకే కాయిల్ కన్నా కూలి బాధిస్తుంది. ‘గ్యాస్ నింపితే చాలన్నా’ అని ఏటా రెండు వేలు తీసుకునే మెకానిక్‌ను లీకు ఎక్కడో చూపించమనండి. ఎలుకలు వైర్లు కొరకడం గురించి చెప్పేదేముంది, పొలం పక్కన బండి పెట్టే ప్రతివాడికీ తెలుసు.

పని వచ్చినప్పుడు ఏది ముందు అనే గొడవకు నా వరుస ఇది: బ్రేకులు, స్టీరింగు, టైర్లు మొదట. చల్లబరిచేది రెండు. నడిపించేది మూడు. మెరిసేది చివర. మనవాళ్లలో చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, రేకు పనీ పెయింటింగూ చేయించి, లోపల కొత్త సీటు కవర్లు కుట్టించి, అరిగిన టైర్ల మీద తిరుపతికి బయల్దేరుతారు.

నకిరేకల్‌కు ఒక సౌకర్యం ఉంది. ఒక పక్క హైదరాబాద్ ఆటోనగర్, ఇంకో పక్క ఇంకాస్త దూరం పోతే విజయవాడ ఆటోనగర్. విప్పేసిన బండ్ల పార్టులు రెండు చోట్లా దొరుకుతాయి. డోరు, అద్దం, హెడ్‌లైటు, డైనమో, సీటు పాతవి వేసుకుంటే నష్టం లేదు. బ్రేకు సామాను, క్లచ్, బెల్టులు, బేరింగులు, బాల్ జాయింట్లు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా పాతవి వద్దు. చిన్న పనులు ఊళ్లో మెకానిక్‌కే ఇవ్వండి, కూలి ఆపకుండా ఇవ్వండి. రాత్రి పూట ఫోన్ ఎత్తేది అతనే. పని మొదలుపెట్టే ముందు కాగితం మీద అంచనా రాయించుకోండి, మార్చిన పాత పార్టు సంచిలో వేసి ఇమ్మనండి. ‘అన్నా, మన మధ్య లెక్కలేంది’ అంటే, లెక్క ఉంటేనే మన మధ్య బాగుంటుందని నవ్వుతూ చెప్పండి.

నెల లెక్క

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగారనుకుందాం. పాత స్కార్పియో లీటరుకు పదకొండు ఇస్తే తొంభై లీటర్ల పైన డీజిల్. లీటరు 95 రూపాయల చొప్పున ఎనిమిది వేల ఆరు వందలు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 1500 సీసీ దాటిన కారుకు 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు 7,897 రూపాయలు, జీఎస్‌టీ అదనం. బండి వయసు పెరిగిందని అది తగ్గదు. వీటి పక్కన రిపేరు పేర నెలకు ఐదు వేలు వేరే ఖాతాలో వెయ్యండి. ఏ పనీ పడని నెలలో కూడా వెయ్యండి. రిపేరు రాని నెల మిగులు నెల అనుకోవడమే మనవాళ్ల అసలు జబ్బు. ఆ నెల బుష్ అరుగుతూనే ఉంది, బెల్టు పాతబడుతూనే ఉంది, బిల్లు మాత్రం ఇంకా చేతికి రాలేదు. కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి. చేతిలో మూడున్నర లక్షలుంటే రెండు లక్షల డెబ్బై ఎనభై వేల బండి చూడండి. మిగిలింది మొదటి మూడు నెలల్లో ఆయిళ్లు, ఫిల్టర్లు, కూలెంట్, బ్యాటరీ, బ్రేకులు, రెండు టైర్లు తినేస్తాయి. పాత ఓనరు వాయిదా వేసిన పనులన్నీ ఆర్సీతోపాటు మీ పేరు మీదికి మారతాయి.

ఇక ఎక్కడ ఆపాలి? ఆ గీతను బండి బాగున్న రోజునే గీసుకోవాలి. ఏడాది రిపేర్లు బండి ఈనాటి ధరలో మూడో వంతు దాటితే, లేదా ఇంజన్ పనీ గేర్‌బాక్స్ పనీ ఒకే ఏడాది వస్తే, అమ్మకానికి పెడతానని డైరీలో రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. రాయకపోతే ఏమవుతుందో గ్యారేజీలో రోజూ వినపడుతుంది: ‘ఇప్పటికే లక్ష పెట్టినం, ఇప్పుడెట్ల ఇడుస్తం?’ ఆ లక్ష పోయింది. బండి ఉంచుకున్నా తిరిగి రాదు, అమ్మినా తిరిగి రాదు. ఇప్పుడు తేల్చాల్సింది రేపు పెట్టబోయే నలభై వేల గురించి మాత్రమే. ఇట్లా అడిగి చూసుకోండి: ఇదే బండి, ఇదే స్థితిలో, పక్కింటివాళ్లు అమ్ముతుంటే, ఈ నలభై వేల రిపేరు కూడా నెత్తిన వేసుకుని నేను కొంటానా? ‘కొంటా’ అనిపిస్తే రిపేరు చేయించండి, మంచిదే. పదిహేనేళ్ల స్కార్పియో చక్కగా నడుస్తుంటే కొత్తదానికి పాతికేళ్ల కష్టార్జితం పొయ్యడం కూడా తెలివేమీ కాదు. ‘కొననబ్బా’ అని లోపలి మనిషి అంటే, రిపేరు చేయించి అమ్ముదామనే ఆశ కూడా వద్దు. పెట్టిన నలభై వేలకు ధర ఇరవై వేలు కూడా పెరగదు. ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి.

అమ్మిన రోజు మాత్రం తాళం చెవి ఇచ్చేసి ఇంటికి రావొద్దు. ఫారం 29, 30 మీద సంతకాలు, కొన్నవాడి ఆధార్ నకలు, తేదీతోపాటు గంట కూడా రాసిన డెలివరీ కాగితం తీసుకోండి. బ్రోకర్ ‘మార్పిడి నేను చూసుకుంటలే’ అంటాడు. రవాణా శాఖ సైట్లో మీ పేరు మారిందాకా వారానికోసారి నంబరు కొట్టి చూడండి. పేరు మారనంతవరకు చలానా వచ్చేది మీ ఫోనుకే, ప్రమాదం జరిగితే నోటీసు వచ్చేది మీ ఇంటికే.